ఆస్బెస్టాస్ ట్రస్టుల నుంచి పరిహారం: మొదటి రోజు నుంచి చెక్కు చేతికి వచ్చే దాకా

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు చాలాకాలంగా ఒకే ప్రశ్న అడుగుతున్నాయి. "నాన్నగారికి మెసోథీలియోమా (ఆస్బెస్టాస్ దుమ్ము వల్ల ఎక్కువగా ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సర్) అని తేలింది. డెబ్బైలలో పవర్ ప్లాంటులో ఇంజినీరుగా చేశారు. అక్కడికి ఆస్బెస్టాస్ సరఫరా చేసిన కంపెనీలు ఎప్పుడో దివాలా తీశాయి. ఇప్పుడు ఎవరిని అడగాలి?"

అడగడానికి చోటు ఉంది. ఆ కంపెనీలు దివాలా కోర్టు నుంచి బయటపడేటప్పుడు బాధితుల కోసం డబ్బు పక్కన పెట్టి ట్రస్టులు ఏర్పాటు చేశాయి. 2011 నాటికి అలాంటివి 60 ఉన్నాయి. 1988 నుంచి 2010 వరకు అవి సుమారు 33 లక్షల క్లెయిములకు 1,750 కోట్ల డాలర్లు చెల్లించాయి. ట్రస్టు ముందు కంపెనీ తప్పును నిరూపించాల్సిన అవసరం లేదు. జబ్బు ఉందనీ, ఆ కంపెనీ సరుకు దుమ్ము పీల్చారనీ చూపిస్తే చాలు. ఆ రెండోది చూపించడమే కష్టం.

మా ఇంట్లో మేము తప్పు చేసింది అక్కడే. పెదనాన్నగారికి జబ్బు తెలిసిన తర్వాత నాలుగు నెలలు ఆసుపత్రి కాగితాల వెంట తిరిగాం. ఏ ప్లాంటులో ఏ పైపు దగ్గర నిలబడ్డారో అడుగుదామని కూర్చునేసరికి ఆయన నాలుగు మాటలు కూడబలుక్కోలేని స్థితికి వచ్చారు. ఆసుపత్రి కాగితాలు ఆ తర్వాత కూడా దొరికాయి. ఆయన జ్ఞాపకం మాత్రం ఆయనతోనే వెళ్లిపోయింది. కింది వరుసను అందుకే ఇలా పెట్టాను. దయచేసి ఈ వరుసలోనే చేయండి.

1. ముందు గడువు తేదీ రాసుకోండి

జబ్బు నిర్ధారణ అయిన తేదీని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. గడువులన్నీ దాదాపు అక్కడి నుంచే మొదలవుతాయి.

చాలా ట్రస్టులు నిర్ధారణ నుంచి మూడేళ్ల గడువు ఇస్తాయి, కానీ రాష్ట్రాల దావా గడువులను కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఇంకా నడుస్తున్న కంపెనీల మీద కోర్టులో దావా వేయాలంటే రాష్ట్ర చట్టమే ప్రమాణం. వ్యక్తిగత గాయం దావాకు న్యూయార్క్‌లో మూడేళ్లు, టెక్సాస్‌లో రెండేళ్లు, కాలిఫోర్నియాలో ఒక్క ఏడాదే. కాలిఫోర్నియాలో ఆ ఏడాదిని జబ్బు వల్ల పని చేయలేని స్థితి వచ్చినప్పటి నుంచి లెక్కిస్తారు. మరణించిన వారి కుటుంబం వేసే దావాకు గడువు వేరుగా నడుస్తుంది.

"ముందు వైద్యం, తర్వాత ఇవన్నీ" అని వాయిదా వేసేవారు ఎక్కువ. రెండూ ఒకే వారంలో మొదలుపెట్టండి. ఇంట్లో ఒకరు వైద్యం చూసుకుంటే, ఇంకొకరు ఈ పని తీసుకోవాలి.

2. ఆయన మాట, ఆయన నోటితో, వెంటనే

క్లెయిము నిలిచినా కూలినా ఈ మెట్టు దగ్గరే. ఆస్బెస్టాస్ జబ్బులు దుమ్ము పీల్చిన 20 నుంచి 50 ఏళ్ల తర్వాత బయటపడతాయి. 1974లో వాడిన గాస్కెట్ (పైపుల అతుకుల మధ్య పెట్టే పట్టీ) ఏ కంపెనీదో చెప్పగలిగిన మనిషి మీ ఎదుట మంచం మీద ఉన్నారు. రోజుకు అరగంట చొప్పున నాలుగైదు రోజులు కూర్చోండి. ఉదయం ఓపిక ఉన్నప్పుడు అడగండి.

కంపెనీ పేర్లతో మొదలుపెట్టకండి. "మాన్‌విల్ వాడారా?" అని అడిగితే అవుననే జవాబే వస్తుంది, ఆ జవాబుకు విలువ ఉండదు. చోటుతో మొదలుపెట్టండి. గేటు ఎటు ఉండేది, బాయిలర్ ఎన్నో అంతస్తులో ఉండేది, భోజనం ఎక్కడ చేసేవారు, పక్కన ఎవరు ఉండేవారు. చోటు కళ్లకు కడితే డబ్బా మీది అక్షరాలు కూడా గుర్తుకు వస్తాయి.

అడగాల్సినవి:
• ప్లాంటు, షిప్‌యార్డు లేదా రిఫైనరీ పేరు, ఊరు, ఏ నెల నుంచి ఏ నెల వరకు
• హోదా ఒకటి, చేతులతో చేసిన పని ఇంకొకటి. రెండూ విడివిడిగా
• పైపుల మీది లాగింగ్ (వేడి పోకుండా చుట్టిన పొర) ఊడదీసేటప్పుడు, కొత్తది కోసేటప్పుడు ఎంత దూరంలో ఉండేవారు, వారానికి ఎన్నిసార్లు
• ఇన్సులేషన్ పొడిని నీటిలో కలిపి పూసేవారా (దాన్ని అక్కడి కార్మికులు 'మడ్' అనేవారు)
• గాస్కెట్లు గీకడం, వాల్వు ప్యాకింగ్ మార్చడం, ఫర్నేస్ ఇటుకలు పగలగొట్టడం
• సంచులు, డబ్బాల మీది పేరు, రంగు, బొమ్మ
• మరమ్మతుల కోసం ప్లాంటు ఆపినప్పుడు వచ్చిన కాంట్రాక్టర్లు
• సహోద్యోగుల పేర్లు, వారిలో ఇప్పుడు దొరికేవారు

ఫోనులో వీడియో తీయండి. తెలుగులో చెబితే తెలుగులోనే తీసి, తర్వాత ఇంగ్లీషులోకి మార్పించండి. దాన్నిబట్టి ప్రమాణ పత్రం రాయించి, నోటరీ ఎదుట సంతకం చేయించండి. గుర్తులేని చోట "గుర్తులేదు" అనే రాయండి. ఇంటి వాళ్లు నింపిన ఒక్క పేరు తప్పని తేలితే నిజమైన పది పేర్లూ అనుమానంలో పడతాయి. కోర్టు దావా కూడా ఉంటే, న్యాయవాదితో చెప్పి వాంగ్మూలం త్వరగా తీయించుకోండి.

మన వాళ్లు తరచూ ఒక మాట అంటారు: "నేను ఇంజినీరును, ఆస్బెస్టాస్‌ను చేత్తో ముట్టలేదు." 1965 తర్వాత వచ్చిన తొలితరం ఇంజినీర్లలో చాలామంది ఇలా అనుకొని అసలు దరఖాస్తే పెట్టరు. ట్రస్టుల నిబంధనలలో నాలుగు రకాల పనులు ఉంటాయి: ముడి ఆస్బెస్టాస్ నార పట్టుకోవడం, సరుకు తయారుచేయడం, దాన్ని కోసి బిగించి మరమ్మతు చేయడం, ఈ పనులు చేసేవారి పక్కనే క్రమంగా పనిచేయడం. పర్యవేక్షణకు నిలబడ్డ ఇంజినీరు నాలుగో రకంలోకి వస్తారు.

3. ఉద్యోగ చరిత్రకు కాగితాలు

మాటకు కాగితం తోడు కావాలి. అన్నిటికంటే పనికొచ్చేది సోషల్ సెక్యూరిటీ సంస్థ ఇచ్చే సంపాదన వివరాల పత్రం. ఎస్‌ఎస్‌ఏ–7050 ఫారం నింపి రుసుము కడితే ఏ సంవత్సరం ఏ యజమాని జీతం ఇచ్చారో పేర్లతో సహా పంపుతారు. సాధారణంగా ఆన్‌లైన్‌లో కనిపించే పత్రంలో మొత్తాలే ఉంటాయి, యజమానుల పేర్లు ఉండవు. చాలామంది అదే జతచేసి వెనక్కి తిప్పించుకుంటారు.

• ఎస్‌ఎస్‌ఏ–7050 ద్వారా వచ్చిన పత్రం
• యూనియన్ సభ్యత్వం, ఏ సైటుకు ఎప్పుడు పంపారో తెలిపే రికార్డులు
• సైన్యంలో, నౌకాదళంలో చేసి ఉంటే డీడీ–214 (సేవ ముగిసినప్పుడు ఇచ్చే ధ్రువపత్రం)
• పాత గుర్తింపు కార్డులు, నియామక లేఖలు, సైటులో దిగిన ఫొటోలు
• కనీసం ఇద్దరు సహోద్యోగుల ప్రమాణ పత్రాలు

నౌకాదళంలో చేసినవారు వెటరన్స్ శాఖకు విడిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ట్రస్టు డబ్బు దానికి అడ్డం కాదు.

4. ఏ సరుకు, ఏ సంవత్సరం, ఏ ట్రస్టు

సరఫరా గొలుసులో ముడి నార అమ్మినవారు, సరుకు తయారుచేసినవారు, పంపిణీదారులు, బిగించిన కాంట్రాక్టర్లు ఉంటారు. వీరిలో దివాలా తీసి ట్రస్టు పెట్టిన ప్రతి ఒక్కరి దగ్గరా విడిగా అడగవచ్చు. ఒకే మనిషికి పది పన్నెండు ట్రస్టుల దగ్గర అర్హత ఉండటం మామూలే.

• పైపు, బాయిలర్ ఇన్సులేషన్: జాన్స్ మాన్‌విల్, ఓవెన్స్ కార్నింగ్ (సరుకు పేరు కేలో), పిట్స్‌బర్గ్ కార్నింగ్ (యూనిబెస్టాస్)
• బాయిలర్లు: బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్, కంబషన్ ఇంజినీరింగ్
• ఫర్నేస్ ఇటుకలు, రిఫ్రాక్టరీ: ఏపీ గ్రీన్, నార్కో, హార్బిసన్ వాకర్
• గాస్కెట్లు, ప్యాకింగ్: గార్లాక్
• ఉక్కు దూలాల మీద చల్లిన మోనోకోట్ (మంటల నుంచి కాపాడే పూత): డబ్ల్యూ.ఆర్. గ్రేస్
• గోడల జాయింట్ కాంపౌండ్, నేల పలకలు: యూఎస్‌జీ, ఆర్మ్‌స్ట్రాంగ్
• ముడి నార: జాన్స్ మాన్‌విల్, క్యూబెక్ గనుల నుంచి తెచ్చి అమ్మిన సంస్థ తరఫున అసార్కో ట్రస్టు

సంవత్సరం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి కేలో ఒక్కటి చాలు. మొదట దాన్ని ఓవెన్స్ ఇల్లినాయ్ తయారుచేసింది. 1958లో ఆ వ్యాపారాన్ని ఓవెన్స్ కార్నింగ్‌కు అమ్మేసింది. ఆ తర్వాత తయారైన సరుకుకు ఓవెన్స్ కార్నింగ్ ట్రస్టును అడగాలి, అంతకుముందుది అయితే ఓవెన్స్ ఇల్లినాయ్ తరఫున ఏర్పడిన పాడక్ ట్రస్టును. సరుకు అదే, పేరు అదే, అడగాల్సిన చోటు మాత్రం మారిపోతుంది.

చాలా ట్రస్టుల వెబ్‌సైట్లలో ఆమోదించిన సైట్ల జాబితా ఉంటుంది. నాన్నగారు పనిచేసిన ప్లాంటు, ఆ సంవత్సరాలు ఆ జాబితాలో ఉంటే, సరుకు అక్కడ వాడారని మీరు వేరే నిరూపించే శ్రమ చాలావరకు తగ్గుతుంది. ప్లాంటు పేర్లు మారుతుంటాయి, కనుక పాత పేరుతోనూ కొత్త పేరుతోనూ వెతకండి.

నిబంధనలలో 1982 డిసెంబర్ 31 అనే తేదీ మాటిమాటికీ కనిపిస్తుంది. మెసోథీలియోమాకు ఆ తేదీకి ముందు ఆ కంపెనీ సరుకు దుమ్ము తగిలిందని నమ్మదగిన రుజువు చాలు. ఊపిరితిత్తుల క్యాన్సర్, తీవ్రమైన ఆస్బెస్టోసిస్ (ఆస్బెస్టాస్ వల్ల ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే జబ్బు) లాంటి వాటికి సాధారణంగా ఆ తేదీకి ముందు ఆ కంపెనీ సరుకుతో ఆరు నెలలు, మొత్తం మీద ఆస్బెస్టాస్ పనిలో ఐదేళ్లు, అందులో రెండేళ్లు ఆ తేదీకి ముందు ఉండాలి.

5. వైద్య పత్రాలు

జబ్బులను ఎనిమిది స్థాయిలుగా విభజించడం ఎక్కువ ట్రస్టులలో వాడుక. ఎనిమిదోది మెసోథీలియోమా, ఏడు, ఆరు ఊపిరితిత్తుల క్యాన్సర్, ఐదు స్వరపేటిక, అన్నవాహిక, పెద్దపేగు లాంటి ఇతర క్యాన్సర్లు, నాలుగు తీవ్రమైన ఆస్బెస్టోసిస్, మిగతావి తేలికపాటివి.

• బయాప్సీ పాథాలజీ నివేదిక పూర్తి ప్రతి (సారాంశం పనికిరాదు)
• మనిషిని స్వయంగా పరీక్షించిన వైద్యుడి సంతకంతో నిర్ధారణ
• మొదటిసారి దుమ్ము పీల్చిన నాటికీ నిర్ధారణకూ మధ్య కనీసం పదేళ్లు గడిచాయన్న వాక్యం
• ఆస్బెస్టోసిస్ అయితే బి రీడర్ ధ్రువీకరణ (దుమ్ము జబ్బుల ఎక్స్‌రేలు చదవడంలో అర్హత) ఉన్న వైద్యుడు చదివిన ఎక్స్‌రే, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష
• క్యాన్సర్ అయితే ఆస్బెస్టాస్ దానికి ముఖ్య కారణాలలో ఒకటన్న వైద్యుడి అభిప్రాయం

ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ఏడో స్థాయిగా గుర్తించాలంటే రెండు వైపులా ఆస్బెస్టాస్ తాలూకు మచ్చలు లేదా పొర మందం కనిపించాలి. ఆ మాట స్కాన్ నివేదికలో లేకపోతే, పాత స్కాన్లనే అనుభవం ఉన్న రేడియాలజిస్టుతో మళ్లీ చదివించండి. సిగరెట్ అలవాటు ఉందని క్లెయిము మానుకోకండి, అలవాటును దాచకండి కూడా.

తేలికపాటి జబ్బుకు ముందే డబ్బు తీసుకున్నవారికి తర్వాత క్యాన్సర్ వస్తే మళ్లీ కొత్త క్లెయిము వేయడానికి చాలా ట్రస్టులు ఒప్పుకుంటాయి. పాత సంతకం వల్ల హక్కు పోయిందని అనుకోవద్దు. అప్పుడు సంతకం చేసిన విడుదల పత్రం (ఇక అడగనని రాసిచ్చినది) తీసి చదివించండి.

6. రెండు దారులు, చేతికి వచ్చే లెక్క

మొదటిది ఎక్స్‌పెడైటెడ్ రివ్యూ. నిబంధనల పెట్టెలన్నీ నిండితే ముందే నిర్ణయించిన మొత్తం ఇస్తారు. వేగంగా సాగుతుంది. రెండోది ఇండివిడ్యువల్ రివ్యూ. వయసు, ఆధారపడినవారు, పోయిన సంపాదన అన్నీ చూస్తారు. ఎక్కువ రావచ్చు, తక్కువా రావచ్చు, ఆలస్యం మాత్రం ఖాయం. చిన్న వయసులో జబ్బు వచ్చినా, ఆధారపడిన పిల్లలు ఉన్నా రెండోది ఆలోచించండి. ఆరో స్థాయి క్యాన్సర్‌కు రెండో దారే ఉంది. ఇల్లు గడవని పరిస్థితి ఉంటే కష్టాల క్లెయిముగా గుర్తించమని రాయండి, వరుసలో ముందుకు జరుపుతారు.

వెబ్‌సైటులో కనిపించే అంకె చేతికి రాదు. ఇక్కడ చాలా కుటుంబాలు మోసపోయామని బాధపడతాయి, అందుకని లెక్క చూపిస్తాను. మాన్‌విల్ ట్రస్టులో మెసోథీలియోమా నిర్ణీత విలువ 3,50,000 డాలర్లు. రేపటి బాధితులకు కూడా మిగలాలి కనుక ట్రస్టు అందులో కొంత శాతమే చెల్లిస్తుంది. ఆ శాతం ఇటీవలి సంవత్సరాలలో 5.1. అంటే 17,850 డాలర్లు. న్యాయవాది రుసుము 25 శాతం అనుకుంటే 4,462 డాలర్ల 50 సెంట్లు పోయి, 13,387 డాలర్ల 50 సెంట్లు మిగులుతుంది. ఖర్చులు విడిగా. శాతాలు మారుతుంటాయి కనుక వేసే ముందు ఆ ట్రస్టు తాజా ప్రకటన చూడండి. ఒక్కో ట్రస్టు నుంచి వచ్చేది చిన్నదే అయినా, అర్హత ఉన్న ట్రస్టులన్నిటినీ అడిగితేనే కుటుంబానికి ఆసరా అయ్యేంత మొత్తం అవుతుంది.

న్యాయవాది లేకుండా స్వయంగా కూడా దరఖాస్తు చేయవచ్చు. ఒకటి రెండు ట్రస్టులైతే ఓపిక ఉన్నవారు చేసుకోగలరు. పది ట్రస్టులు, పక్కన కోర్టు దావా ఉంటే ఈ పనిలోనే ఉన్న న్యాయవాది అవసరం. డబ్బు వస్తేనే రుసుము అన్న ఒప్పందం మీదే పనిచేస్తారు. ముందుగా డబ్బు అడిగేవారిని వదిలేయండి. ఎన్ని ట్రస్టులకు వేస్తారో, శాతం ఎంతో, ఖర్చులు ఎవరివో రాతలో తీసుకోండి.

7. సంతకానికి ముందు ఆగాల్సిన చోట్లు

షిప్‌యార్డులో, రేవులో చేసినవారు ఇది రెండుసార్లు చదవండి. రేవు, షిప్‌యార్డు కార్మికులకు వర్తించే లాంగ్‌షోర్ కార్మిక పరిహార చట్టంలో 33(జి) సెక్షన్ ఉంది. యజమాని, అతని బీమా సంస్థ రాతపూర్వక అనుమతి లేకుండా, రావలసిన పరిహారం కంటే తక్కువకు మూడో పక్షంతో (ట్రస్టు లాంటివాటితో) రాజీ చేసుకుంటే ఆ చట్టం కింద వచ్చే పరిహారం, వైద్య సహాయం రెండూ పోవచ్చు. కొన్ని వేల డాలర్ల ట్రస్టు చెక్కు కోసం జీవితాంతం వచ్చేది పోగొట్టుకోకండి. ముందు అనుమతి, తర్వాత సంతకం.

మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) వైద్య ఖర్చు భరించి ఉంటే, పరిహారంలో తన వాటా తిరిగి అడుగుతుంది. ఆ లెక్క తేలాకే డబ్బు ఖర్చు పెట్టండి. రాష్ట్ర కార్మిక పరిహారం అందుకుంటున్నవారు దాని మీద ప్రభావం అడిగి తెలుసుకోవాలి. శారీరక జబ్బుకు వచ్చే పరిహారం మీద సాధారణంగా ఫెడరల్ ఆదాయపన్ను ఉండదు.

ట్రస్టు కాగితాలలో రాసినదీ కోర్టులో చెప్పినదీ ఒక్కటిగా ఉండాలి. ఒహాయో లాంటి రాష్ట్రాలు ట్రస్టు క్లెయిములను కోర్టుకు తెలపమని చట్టం చేశాయి. అన్ని దరఖాస్తులకూ రెండో మెట్టులోని ఆ ఒక్క ప్రమాణ పత్రమే ఆధారం కావాలి.

8. "లోపం ఉంది" అని లేఖ వస్తే

చాలా క్లెయిములకు వస్తుంది. తిరస్కరణగా తీసుకోకండి.

• దుమ్ము తగిలిన రుజువు చాలలేదంటే: సహోద్యోగి ప్రమాణ పత్రం, ఆమోదిత సైటు జాబితాలోని వరుస సంఖ్య జతచేయండి
• కాలవ్యవధి తేలలేదంటే: ఎస్‌ఎస్‌ఏ పత్రంలోని త్రైమాసికాలను వరుసగా చూపండి
• వైద్య నివేదిక చాలదంటే: లేఖలోని పదాలనే వైద్యుడికి చూపి అనుబంధ నివేదిక అడగండి
• వృత్తి సరిపోలేదంటే: హోదా పక్కన పెట్టి, రోజువారీ పని వివరంగా రాయండి. "ప్రాజెక్ట్ ఇంజినీరు" అనే రెండు పదాల వల్ల ఆగిపోయిన క్లెయిము ఒక పేజీ వివరణతో కదలడం చూశాను

లేఖలోని గడువు దాటనివ్వవద్దు. నిజంగానే తిరస్కరిస్తే మధ్యవర్తిత్వం, ఆర్బిట్రేషన్ ఉన్నాయి.

9. మరణించినవారి తరఫున, ఇంట్లో ఉండి జబ్బుపడినవారికి

మనిషి పోయినా క్లెయిము వేయవచ్చు. కోర్టు నుంచి ఆస్తి నిర్వాహకుడిగా నియామక పత్రం, మరణ ధ్రువపత్రం కావాలి. మరణ కారణంలో "శ్వాస ఆగిపోవడం" అని మాత్రమే ఉంటే, వైద్యుడితో మాట్లాడి దానికి మూలమైన జబ్బు పేరు చేర్పించండి.

భర్త పని బట్టలు ఏళ్ల తరబడి దులిపి ఉతికిన భార్యలకు మెసోథీలియోమా వచ్చిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. వారికీ హక్కు ఉంది. ముందు భర్త ఉద్యోగం ద్వారా దుమ్ము తగిలిందని చూపాలి, తర్వాత ఒకే ఇంట్లో ఉన్నారని. ఇవి సాధారణంగా ఇండివిడ్యువల్ రివ్యూకే వెళతాయి. బట్టలు ఎక్కడ దులిపేవారు, ఎన్నేళ్లు, ఎవరు ఉతికేవారు అన్నవి అమ్మనే అడిగి రాయండి.

10. భారతదేశంలో దుమ్ము పీల్చినవారు

అమెరికా, కెనడా బయట దుమ్ము తగిలితే చాలా ట్రస్టులు దాన్ని 'విదేశీ క్లెయిము' అంటాయి. దారి మూసుకుపోలేదు, కానీ ఇండివిడ్యువల్ రివ్యూ ఒక్కటే ఉంటుంది. దివాలా తీసిన ఆ కంపెనీ సరుకే మీరు పనిచేసిన చోటికి వచ్చిందని చూపాలి. విశాఖ రేవులో పాత ఓడల ఇంజిన్ గదులలో పనిచేసినవారికి, విదేశీ ఓడలలో నావికులుగా తిరిగినవారికి ఇది పరిశీలించదగినది. ఓడ పేరు, తయారైన దేశం, సేవా పుస్తకం దగ్గర పెట్టుకోండి.

భారతదేశంలోని ఆస్బెస్టాస్ రేకుల కర్మాగారాలలో చేసినవారు ఈ ట్రస్టుల మీద ఆశ పెట్టుకోకూడదు. వారికి దారి ఈఎస్‌ఐ, లేదా పని వల్ల వచ్చిన జబ్బుకు యజమాని ఇవ్వాల్సిన పరిహారం. 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగం మొదలైన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పదవీ విరమణ తర్వాత 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా భద్రపరచాలి. ఆ రికార్డు ప్రతిని రిజిస్టర్డ్ పోస్టులో రాతపూర్వకంగా అడగండి, రసీదు దాచుకోండి. జవాబు రాకపోతే ఆ రసీదు నకలు జతచేసి ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి ఫిర్యాదు పెట్టండి.